కోషర్ హోటల్ లేని సిద్దిపేటలో ఒక పూట భోజనం

ఠాణేలో ఉండే రేచల్ ఆంటీ సిద్దిపేట వస్తానని ఫోన్ చేసినప్పుడు నేను ముందు అడిగింది రైలు ఎప్పుడని కాదు, అక్కడ ఏం తింటారని. ఆమె బెనె ఇజ్రాయెలీ. మహారాష్ట్ర కొంకణ తీరంలో తరతరాలుగా ఉంటున్న యూదులను అలా పిలుస్తారు. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, అన్నంలోకి చేపల పులుసు ఇష్టం, చీర కట్టుకుంటారు. తిండి దగ్గర మాత్రం కోషర్ నియమం పాటిస్తారు. పంది మాంసం ముట్టరు, మాంసం పాలు కలపరు, చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉంటేనే తింటారు. ఇంతవరకు సులువే. చిక్కంతా పాత్రల దగ్గర వస్తుంది. ఈ నియమాలు పాటించని వంటగదిలో వాడిన గిన్నెలో వండితే ఉత్త పప్పయినా ఆమెకు పనికిరాదు. పైగా పొయ్యి వెలిగించడంలోనైనా యూదుల చెయ్యి పడాలి. వాళ్లలో అందరూ ఇంత గట్టిగా పాటించరు. ఆంటీ పాటిస్తారు.

కొన్నేళ్ల కిందట భివండీ మరమగ్గాల మీద ఒక కథనం రాయడానికి వెళ్లి ఆమె ఇంట్లో అద్దెకున్నాను. ఆ కథనంలో నాతో మాట్లాడిన కార్మికుల్లో అంజయ్య ఒకడు. ఊరు సిద్దిపేట దగ్గరి చిన్నకోడూరు. తర్వాత అతను భివండీ వదిలేసి ఇంటికొచ్చి చేమగ్గం మీద గొల్లభామ చీరలు నేయడం మొదలుపెట్టాడు. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ అంచులో వచ్చే ఆ నేత సిద్దిపేటకు పేరు. అతని దగ్గర కొన్న ఒక దుప్పట్టా ఆంటీకి పంపాను. ఆమె దాన్ని చూసి, తమ ప్రార్థనా మందిరంలో తోరా గ్రంథం ఉంచే బీరువా ముందు వేలాడే పరదా పాతబడిందనీ, కొత్తది ఈ చేత్తోనే నేయించాలనీ పట్టుబట్టారు. బొమ్మలు ఉండకూడదు. అంచులో దానిమ్మ పండ్లు రావాలి. దానిమ్మ ఎంత లావుండాలి, ఎరుపు ఎంత ముదురుండాలి అన్నవి ఫోన్‌లో తేలలేదు. మగ్గం పక్కన కూర్చుని తేల్చుకోవాలి. దానికి రెండు రోజులు పడుతుందని అంజయ్య చెప్పాడు.

రెండు రోజుల తిండి కోసం ఆంటీ ఏర్పాటు చేసుకునే బయల్దేరారు. చిన్న కరెంటు కుక్కరు, ఒక పళ్లెం, చెంచా, ఇంట్లో చేసిన చపాతీలు అన్నీ ఒక సంచిలో. సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు మిగతా సామాను దిగింది, ఆ సంచి సీటు కింద ఉండిపోయింది. ఆమెను తీసుకెళ్లడానికి నేను అక్కడికి ఎదురెళ్లాను. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి, జూబ్లీ బస్ స్టేషన్‌కు వచ్చి ఏడింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాకు తెలంగాణ ఆధార్ చూపిస్తే ఉచిత ప్రయాణపు జీరో టికెట్. ఆంటీది మహారాష్ట్ర ఆధార్ కాబట్టి ఆమెకు టికెట్ తీసుకోవాలి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే మహిళలు ఇది గుర్తుంచుకోవాలి. సిద్దిపేటకు రైలు కూడా నడుస్తోంది కానీ మాకు టైము కుదరలేదు. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా రాజీవ్ రహదారిపై రెండున్నర గంటల ప్రయాణం.

ప్రజ్ఞాపూర్ దాటాక ఆంటీ మాట్లాడటం ఆపేశారు. చూస్తే నుదుటి మీద చెమట, చేతులు వణుకుతున్నాయి. ఆమెకు షుగర్ ఉంది. రాత్రి నుంచి సరిగ్గా తినలేదు. చేతి సంచిలో ఖర్జూరాలు, పండ్లు కోసుకునే చాకు ఉన్నాయి. ఖర్జూరాలు తిని, నీళ్లు తాగి, పావుగంటలో తేరుకున్నారు. నేను ఆమె కూతురు ఎస్తేర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె గట్టిగానే మాట్లాడింది. "ఖర్జూరాలతో, అరటిపండ్లతో అమ్మకు రెండు రోజులు గడవదు. మధ్యాహ్నం మాత్ర వేసుకునే ముందు వేడిగా ఏదన్నా తినాలి. తినలేకపోతే సాయంత్రం బస్సుకి వెనక్కి తీసుకురా. పరదా తర్వాత చూసుకోవచ్చు." ఫోన్ పక్కనే ఉన్న ఆంటీకి అదంతా వినపడింది. "తర్వాత అంటే నాకు ఎన్నేళ్లున్నాయనుకుంటోంది?" అన్నారు కిటికీలోంచి చూస్తూ. మేం మాట్లాడుకున్నది హిందీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. దారిలో తెలుగువాళ్ల మాటలు ఆంటీకి, ఆమె మాటలు వాళ్లకు నేనే చెప్పాను.

అలా సిద్దిపేట బస్టాండ్‌లో దిగేసరికి నా పని ఒక్కటే అయింది. మధ్యాహ్నానికి ఆమె తినగలిగే వేడి అన్నం దొరకాలి. ఫోన్‌లో వెతికితే చుట్టుపక్కల కోషర్ హోటల్ అన్నది ఒక్కటీ రాలేదు. వస్తుందని నేను అనుకోలేదు కూడా. రోజంతటికీ ఎనిమిది వందలకు ఒక ఆటో మాట్లాడాను. డ్రైవర్ పేరు కనకయ్య, యాభై దాటిన మనిషి. సంగతి విని తనకు తోచింది చెప్పాడు.

"హలాల్ హోటల్‌కు తీస్కపోనా మేడం? గదీ గిదీ ఒక్కటే గద."

ఆంటీ నవ్వారు. "అన్నదమ్ములే. కానీ వంటగదులు వేరుపడ్డాయి."

"వేరు పడ్డ అన్నదమ్ములు మాకు బగ్గనే ఎరుక," అని కనకయ్య ఆటో స్టార్ట్ చేశాడు.

ముందు ఒక శాకాహార హోటల్‌కు వెళ్లాం. ఇలాంటి ప్రయాణాల్లో చాలామంది చేసే పని అదే. శాకాహారమైతే మాంసం గొడవ ఉండదు, సగం సమస్య తీరుతుందనే లెక్క. గల్లా దగ్గర కూర్చున్నది యజమానే. కోషర్ అంటే ఏమిటో నేను చెబుతుంటే మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"ప్యూర్ వెజ్ మేడం మాది. కోడిగుడ్డు గుడ లోపటికి రాదు. జైన్ లెక్కనా? ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేకుంట చేపిస్త."

"ఉల్లిగడ్డ తింటారు. గిన్నెల గురించే సందేహం."

"గిన్నెలు తళతళ ఉంటయి. లోపటికి వచ్చి సూడున్రి."

వంటగది నిజంగానే శుభ్రంగా ఉంది. ఆంటీ ఏదీ ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. గోడకు వేలాడుతున్న పెద్ద ఇనుప మూకుడు దగ్గర ఆగి, ఇది ఎప్పుడన్నా బయటికి వెళ్తుందా అని అడిగించారు.

"పొద్దుమూకినంక ముంగట నూడుల్స్ బండి పెడ్తం. మా బామ్మర్ది సూస్తడు," అని యజమాని చెప్పడం మొదలుపెట్టి ఆగాడు. మూకుడు వైపు చూశాడు. "అండ్ల ఎగ్ నూడుల్స్, చికెన్ నూడుల్స్ గుడ ఉంటయి. కడిగేది గీ నల్ల కాడనే." తల గోక్కున్నాడు. "ఇన్నేండ్లల్ల గిది ఒక్కరు అడగలె మేడం. మా బామ్మర్దికి చెప్తె ఆ మూకుడు గాడనే ఉంచుకుంటడు ఇగ."

అబద్ధం చెప్పి అన్నం అమ్మేసే అవకాశం ఉన్నా అతను చెప్పలేదు. అందుకు ఆంటీ అతనికి దండం పెట్టారు. అతను అరటిపండ్ల బండి దగ్గరికి మనిషిని పంపి అర డజను తెప్పించాడు, డబ్బులు తీసుకోలేదు. బయటికొచ్చాక మరో హోటల్ చూద్దామా అన్నాను. ఎక్కడైనా ఏదో ఒక మూకుడు ఉంటుందని ఆంటీ అన్నారు.

కొత్త స్టీలు గిన్నె కొని వండుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ లోహపు పాత్ర కొత్తదైనా పారే నీళ్లలోనో ఊట నీళ్లలోనో ముంచి తీశాకే వాడాలట. చెరువు నీళ్లు పనికొస్తాయా లేదా అన్నది ఠాణేలో తెలిసిన పెద్దాయన్ని అడగాలి, ఆయన ఫోన్ ఎత్తడం లేదు. "మట్టి కుండకు ఆ బాధ లేదు. ఎవరూ వాడని కుండ అయితే చాలు," అన్నారు ఆంటీ. దాంతో దారి దొరికింది. నేను వెంటనే అంజయ్యకు ఫోన్ చేశాను. ఆటో శబ్దంలో అరిచి చెప్పాను. కొత్త కుండ కావాలి, ఎవరూ వాడనిది. పొయ్యి కూడా కొత్తగా పెట్టాలి. ఇంట్లో గిన్నెలు తగలకూడదు. ఎవరూ ఎంగిలి చేయకూడదు. అవుతుందా?

"అయితదా అంటరేంది మేడం? మా భూలక్ష్మి గిసొంటివాట్ల ముంగట ఉంటది. మీరు వచ్చేవరకు అన్ని తయారుంటయి."

భూలక్ష్మి అతని భార్య. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. కాస్త తొందరపడ్డానని తర్వాత తెలిసింది.

బజార్లో బియ్యం, పెసరపప్పు, ఉప్పు, వంకాయలు, నిమ్మకాయలు, ఒక కొత్త చెక్క తెడ్డు, మోదుగాకు విస్తర్లు కొన్నాం. అన్నీ కలిపి మూడు వందల లోపే. నూనె దగ్గర ఆంటీ సీసాలేవీ ఒప్పుకోలేదు. కనకయ్య తనకు తెలిసిన కట్టె గానుగ దగ్గరికి తీసుకెళ్లాడు. పల్లీలు పోస్తుంటే నూనె దిగడం కళ్లతో చూసి, అరలీటరు కొత్త సీసాలో పట్టించుకున్నారు. గానుగ చుట్టూ ఆమె తిరిగిన తీరు చూస్తే చుట్టాలింటికి వచ్చినట్టుంది. కొంకణంలో వాళ్ల పూర్వీకుల వృత్తి నూనె ఆడటమేనట. శనివారం గానుగ ఆపేసేవారు కాబట్టి ఊరివాళ్లు శనివారపు తేలీలు, అంటే శనివారపు గానుగవాళ్లు, అనేవారట. ఇది విని గానుగ ఆడిస్తున్నాయన, "శనివారం బంద్ పెడ్తె గిరాకి ఎట్ల?" అని అడిగాడు. "ఆదివారం రెండింతలు వచ్చేది," అన్నారు ఆంటీ. నిజమో కాదో నాకు తెలియదు. ఆయన మాత్రం ఆలోచనలో పడ్డాడు.

చిన్నకోడూరు సిద్దిపేట నుంచి ఆటోలో అరగంట. బస్సులు ఉన్నాయి కానీ మధ్యాహ్నం పూట ఎడం ఎక్కువ. అంజయ్య ఇల్లు ఊళ్లోకి వెళ్లగానే ఎడమ సందులో ఉంది. మేం వెళ్లేసరికి పన్నెండు దాటింది. ఆంటీ ముఖం మళ్లీ వాడిపోతోంది. అరటిపండ్లలో రెండు అయిపోయాయి.

వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసి ఉంది. ఒక మూల మూడు కొత్త రాళ్ల పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. కుండకు నిండా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపకొమ్మ కట్టి ఉంది. పక్కన పీట మీద మట్టి ప్రమిద, వత్తి, కొత్త రవిక గుడ్డ. భూలక్ష్మి తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పసుపు పూసిన పాదాలతో ఎదురొచ్చింది. ఆంటీకి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"అన్ని అయినయి మేడం. గని బోనం ఎవలకు, పోచమ్మకా ఎల్లమ్మకా? గది మీరు సెప్పనే లేదట."

ఆంటీకి తెలుగు రాదు, కానీ ఆ కుండను చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. దేవతకు పెట్టే అన్నం ఆమె తినకూడదు. మిగతా నియమాల్లో ఎక్కడైనా సర్దుబాటు ఉంటుందేమో గానీ ఇందులో లేదు. ఆమె నులక మంచం మీద కూర్చుని నీళ్లు తాగారు.

నేను అంజయ్యను పక్కకు పిలిచి చెప్పాను. అతను అక్కడికక్కడే తల పట్టుకున్నాడు. భూలక్ష్మి వినేసింది.

"తినెటందుకా?" అంది. మొగుడి వైపు తిరిగింది. "గా ముసలామె తినెటందుకు అన్నమా అడిగింది? నువ్వు బోనం అంటివి గదనయ్యా."

"నేను బోనమని అనలె. కొత్త కుండ, కొత్త పొయ్యి, ఇంట్ల గిన్నెలు తగలద్దు, ఎవలు ఎంగిలి చెయ్యద్దు అన్నరు. గిన్ని చెప్పినంక ఇంకేమనుకోవాలె?"

"అడగాలె. నోరు లేదా? భివండీల పదేండ్లున్నవ్, అడుగుడు నేర్వకపోతివి."

అంజయ్యను తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. నేను చెప్పిన నాలుగు మాటలూ సరైనవే. ఆ నాలుగు మాటలూ కలిపి చిన్నకోడూరులో ఎవరికి చెప్పినా వచ్చే అర్థం ఒక్కటే, బోనం. ఎవరు తినడానికో అన్న ఐదో మాట నేను చెప్పలేదు.

ఎస్తేర్ ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. ఉన్న పరిస్థితి ఇది. గంటలోపు మాత్ర వేసుకోవాలి. పొయ్యి మీదున్న అన్నం తినడానికి లేదు. అది బోనమయ్యాక దాన్ని దించి మామూలు అన్నం చేయమని అడగడం కూడా కుదరదు. నేను ఆ మాట అనకముందే భూలక్ష్మి చెప్పేసింది. "ఎసరు పెట్టినంక అమ్మోరిది ఎనుకకు తీసుకోరు మేడం. అది పోవల్సిందే. నేను పోచమ్మకు ఎత్తుకపోత." కుమ్మరి ఇంటికి మళ్లీ మనిషిని పంపుదామని కనకయ్య ఆటో తాళం తీశాడు. కొత్త కుండ నీళ్లలో నానకుండా పొయ్యి మీద పెడితే పగులుతుందని అంజయ్య ఆపాడు. సాయంత్రం బస్సు ఎన్నింటికో నేను ఫోన్‌లో చూడటం మొదలుపెట్టాను.

అప్పుడు భూలక్ష్మి ఇంటి వెనక్కి వెళ్లి, కుళాయి కింద తొట్లో నుంచి నీళ్లు కారుతున్న ఇంకో కుండ తీసుకొచ్చింది. ఎర్రటి కుండ, పసుపు లేదు, బొట్టు లేదు.

"బోనం కుండ పొయ్యి మీద పగుల్తె మంచిది గాదని మా అత్త రెండు తెమ్మంటుండె. ఒకటి పెడ్తం, ఒకటి నానేసి ఉంచుతం. పగుల్తె గిది పెడ్తం, లేకుంటె ఊకెనే ఉంటది. మళ్లొకపారి పనికొస్తది."

ఆంటీ లేచి వచ్చారు. అంజయ్యతో మరాఠీలో అడిగారు, దీనికి పూజ ఏమైనా జరిగిందా అని. భివండీ మరాఠీ అతనికి ఇంకా గుర్తుంది. అడిగి చెప్పాడు.

"పసుపు అంటలె, మొక్కలె, ఏం లె. ఉత్త కుండ," అంది భూలక్ష్మి.

ఆంటీ కుండ లోపల చెయ్యి పెట్టి చూసి, వేలితో తట్టి మోగించి, తల ఊపారు.

ఇంకో మూడు రాళ్లు వచ్చాయి. భూలక్ష్మి కట్టెలు పేర్చి అగ్గిపెట్టె తీసింది. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటి నాకు మిగిలింది. ఆ పొయ్యి ఆంటీయే వెలిగించాలి. ఇంటికొచ్చిన పెద్దమనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టమని ఏ ఇల్లాలికైనా ఎలా చెప్పాలో తెలియక, ఈసారి కారణంతో సహా చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆమె అగ్గిపెట్టె ఆంటీ చేతిలో పెట్టేసింది.

"గదాంట్ల ఏమున్నది మేడం? ఎవల బోనం పొయ్యి వాళ్లే ముట్టియ్యాలె. నాది ఇంకొకలు ముట్టిస్తె నేను ఒప్పుకుంటనా?"

మూడో పుల్లకు మంట అందుకుంది.

ఉన్నది ఒక్కటే కుండ కాబట్టి పులగం చేద్దామనుకున్నాం. బియ్యం, పెసరపప్పు కలిపి ఒకే ఎసట్లో. కొత్త తెల్లగుడ్డ పరిచి ఆంటీ బియ్యం గింజా గింజా చూడటం మొదలుపెట్టారు. భూలక్ష్మి పక్కన కూర్చుని చెయ్యేసింది. కాసేపు చూసి, "మేం రాళ్లు ఏర్తం, ఈమె పురుగులు ఏర్తుంది," అంది. వంకాయలు నిప్పుల మీద కాల్చడానికి గిన్నె అక్కర్లేదు. కానీ ఆంటీ వాటిని కాల్చే ముందే తన చాకుతో చీల్చి లోపల చూశారు.

"కోసి కాలుస్తె రసం పోదా?" భూలక్ష్మి అడిగింది.

అంజయ్య మరాఠీలో అడిగి, జవాబు తెచ్చాడు. "పోతదట. రసంతోని పురుగు గుడ పోతదట."

"గట్లయితె కోయనీ," అంది.

పులగం కుండ దించేసరికి ఒకటిన్నర. చివర గానుగ నూనె కొంచెం సీసాలోంచే పోశారు. కాల్చిన వంకాయలో ఉప్పు, నిమ్మరసం కలిపి చేత్తోనే పిసికారు. మోదుగాకు విస్తరి ముందు కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, ఆంటీ హీబ్రూలో చిన్న ప్రార్థన చెప్పుకున్నారు. అది చూసి భూలక్ష్మి కూడా కొంగు కప్పుకుంది. అయిపోయాక తీసేసింది. తర్వాత ఆంటీ తిన్నారు. మొదట పెట్టింది గబగబా, రెండోసారి కొంచెం పెట్టించుకుని మెల్లగా. మాత్ర వేసుకున్నారు. చేతులు వణకడం లేదు.

నేను కూడా తిన్నాను. ఆకలితో తిన్న తిండి గురించి తీర్పు చెప్పకూడదని నా అలవాటు. నెయ్యి లేకపోయినా పులగం బాగుందని మాత్రం రాయగలను. కనకయ్య తొక్కు ఉంటే తెమ్మన్నాడు. తెస్తే ఆ పచ్చడి గిన్నె తగులుతుందేమోనని మళ్లీ తనే వద్దని, దూరంగా వేపచెట్టు కిందికి విస్తరి తీసుకెళ్లి అక్కడ వేయించుకున్నాడు.

భూలక్ష్మి తినలేదు. బోనం ఎత్తేదాకా ఒక్కపొద్దు. ప్రమిద వెలిగించి కుండ మీద పెట్టి, తలకెత్తుకునే ముందు ఆంటీ దగ్గర ఆగింది. "మొక్కు లేకుంట బోనం ఎత్తద్దు. నీ పానం మంచిగుండాలని నీ పేరు మీద మొక్కనా పెద్దమ్మా?"

అంజయ్య చెప్పింది విని ఆంటీ తల అడ్డంగా ఊపారు. "నా పేరు మీద వద్దమ్మా. మీ ఇంటి పేరు మీద మొక్కుకో. నీ పేరు నేను మా దేవుడి దగ్గర చెప్తాను."

"సరె. నువ్వు నాది చెప్పు, నేను మా ఇంటిది చెప్త. ఎవలికి ముందు ఇనవడ్తదో సూద్దాం," అని బోనం ఎత్తుకుని సందు మలుపు తిరిగింది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమె వెంట నడిచారు.

అప్పుడు ఎస్తేర్‌కు ఫోన్ చేశాను. పులగం అని చెబితే మొదట నమ్మలేదు. ఏ హోటల్ అని అడిగింది. హోటల్ కాదన్నాను. ఫోన్ వాళ్లమ్మకు ఇచ్చాను. "రెండుసార్లు పెట్టించుకున్నాను. రేపు సాయంత్రమే బయల్దేరతాను," అని ఆమె రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఆ మధ్యాహ్నమంతా మగ్గం పక్కన గడిచింది. అంజయ్య దానిమ్మను మొదట గుమ్మడికాయంత వేశాడు, ఆంటీ తగ్గించారు. తిరిగొచ్చి అన్నం తిన్న భూలక్ష్మి అది చూసి, గొల్లభామ లేని సిద్దిపేట నేత ఏంటని సణిగింది. "చీర గాదే, పరద," అన్నాడు అంజయ్య. "పరదకైనా ఒక మనిషుండాలె," అంది. దానిమ్మ మీద చిన్న కిరీటంలాంటి తొడిమ ఉండాలని ఆంటీ చూపించాక, అది కుండ మూతిలా ఉందని భూలక్ష్మే ఒప్పుకుంది. రాత్రికి సిద్దిపేట లాడ్జిలో దిగాం, ఇద్దరికి పదకొండు వందలు. కుండ చిన్నకోడూరులోనే ఉంచాం. కడిగి, కొత్త గుడ్డ కప్పి, దూలానికి వేలాడదీసి, ఎవరూ ముట్టుకోవద్దని భూలక్ష్మి తన ఇంటివాళ్లకు చెప్పింది. నేను చెప్పి ఉంటే అంత గట్టిగా ఉండేది కాదు.

మర్నాడు పొద్దున కనకయ్య చెప్పకుండానే చేప తెచ్చాడు. మొదట తెచ్చింది వాలుగ. ఆంటీ చర్మం మీద వేలు రాసి తిప్పి పంపారు, దానికి పొలుసు ఉండదు. అరగంటకు రవ్వ చేపతో తిరిగొచ్చాడు. పొలుసు గీకకుండా, కోయకుండా, తోకతో సహా. "గీకకుండ ఎవలు కొంటరన్నా, ఇంట్ల లొల్లి అయితది అన్నడు అమ్మెటాయన," అని చెప్పాడు. "మా ఇంట్ల కాదు, దేశంల అందరికంటె కడక్ ఉన్న ఇంట్ల అని చెప్పిన." ఆంటీ తన చాకుతో శుభ్రం చేసి, అదే కుండలో చింతపులుసు పెట్టారు. సాయంత్రానికి దానిమ్మ అంచు మూడు వేళ్ల వెడల్పున మగ్గం మీద కనిపించింది. అదే రోజు, గురువారం రాత్రి, ఆంటీని రైలెక్కించాను. శుక్రవారం పొద్దుగూకే లోపు, వాళ్ల విశ్రాంతి దినం మొదలవకముందే, ఇల్లు చేరారు. పోయిన సంచి కూడా దొరికింది. చపాతీలు మాత్రం అప్పడాల్లా ఉన్నాయట.

వార్తలు రాసే పనిలో సరైన వివరాలు సేకరిస్తే సరిపోతుందని చాలాకాలం నమ్మాను. ఆ రోజు నేను ఫోన్‌లో చెప్పిన వివరాల్లో ఒక్కటీ తప్పు లేదు, అయినా వాటితో తయారైంది వేరే వంట. దాన్ని సరిచేసింది ఎవరి ఔదార్యమో, నా తెలివో కాదు. ఇద్దరు ఆడవాళ్ల నియమాలు చాలాదూరం ఒకే దారిలో నడిచాయి. ఇద్దరికీ కుండ కొత్తదే కావాలి, పొయ్యి తన చేత్తోనే వెలగాలి, ఎంగిలి పనికిరాదు. ఆ తర్వాత దారులు విడిపోయే చోట ఇద్దరూ ఆగి, దాన్ని చూసి, ఎవరి కుండ వాళ్లు తీసుకున్నారు. ఒకరి కుండలో ఇంకొకరు తినాలని ఎవరూ బలవంతం చేయలేదు. నాకు ఆ సాయంత్రం బస్సు టైము అక్కర్లేకపోయింది. ఈ ప్రయాణంలో నాకు గుర్తుండేది అదే.

కోషర్ పాటించేవాళ్లను చిన్న ఊరికి తీసుకెళ్తుంటే హోటళ్ల కోసం పూట వృథా చేయకుండా తెలిసిన ఇంటికి ఫోన్ చేసి మట్టి కుండ అడగండి. అది ఎవరు తినడానికో ముందే చెప్పండి. కుండలు రెండు తెప్పించండి.